అమ్మ చేతికి కరెంట్ పెట్టిస్తున్నాం, వేళ్లు మాత్రం తెరుచుకోవడం లేదు

ప్రశ్న:

మాది ఆత్రేయపురం దగ్గర పల్లెటూరండి. మా అమ్మకు 54 ఏళ్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పూతరేకులు తియ్యడమే ఆవిడ పని. పదహారు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. మెదడులో రక్తనాళం పూడుకుపోయిందని స్కానింగ్ చూసి చెప్పారు. కుడి కాలు చాలావరకు వచ్చింది, కర్ర సాయంతో వీధి చివరిదాకా నడుస్తుంది. చెయ్యే రాలేదు. భుజం సగం వరకు లేస్తుంది, మోచెయ్యి ముడుస్తుంది, మణికట్టు కాస్త పైకి వస్తుంది. గుప్పిట మూస్తుంది కానీ తెరవలేదు. భుజం నొప్పితో రాత్రుళ్లు నిద్ర ఉండదు. వారానికి మూడు రోజులు రావులపాలెం తీసుకెళ్లి ఇరవై నిమిషాలు కరెంట్ పెట్టిస్తున్నాం. ఇంట్లో దూలానికి కప్పీ కట్టి తాడు లాగిస్తున్నాం, రబ్బరు బంతి నొక్కిస్తున్నాం. ఆరు నెలలు దాటితే ఇక రాదని ఒక డాక్టరు గారు అన్నారు. నాన్న పసరు మందుకు తీసుకెళ్తానంటున్నారు, అక్కడ ఇంగ్లీషు మందులు ఆపెయ్యాలట. బెంగళూరులో ఉన్న తమ్ముడు, మెడలో నరానికి కరెంట్ ఇచ్చే మిషన్ పెడితే చెయ్యి వస్తుందని వీడియో పంపాడు. కొబ్బరితోట అమ్మైనా పెట్టిద్దామంటాడు. రావులపాలెంలో పెట్టే కరెంటూ అదీ ఒకటేనా? ఏం చెయ్యాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

— ఒక కూతురు, కోనసీమ

సమాధానం:

అమ్మా, ముందు తోట సంగతి. అమ్మకండి. కనీసం ఇప్పుడు అమ్మకండి. మీ తమ్ముడు చూసింది అబద్ధమని కాదు, అది నిజమైన వైద్యమే. కానీ ఆ వైద్యంలో సగానికి పైగా పని మీ ఇంటి వరండాలో జరగాల్సింది. అది ఇంకా మొదలే కాలేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. తప్పు మీది కాదు. ఏం చెయ్యాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పినట్టు లేదు.

ఆరు నెలల మాట కూడా ముందే తేల్చేద్దాం, ఎందుకంటే అది విన్న రోజు నుంచి మీ ఇంట్లో అందరికీ ఉత్సాహం చచ్చిపోయి ఉంటుంది. పక్షవాతం వచ్చిన మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మెదడు తనంతట తాను కోలుకునే వేగం ఎక్కువ. ఆ తర్వాత ఆ వేగం తగ్గుతుంది. అంతవరకే నిజం. తలుపు మూసుకుపోతుందన్నది నిజం కాదు. మీ తమ్ముడు చెప్పిన మిషన్‌ను పరీక్షించింది పక్షవాతం వచ్చి తొమ్మిది నెలల నుంచి పదేళ్లు గడిచిన వాళ్ల మీదే. సగటున మూడేళ్లు దాటినవాళ్లు వాళ్లు. వాళ్లలో మిషన్ నుంచి కరెంట్ అందనివాళ్లు కూడా, వ్యాయామం ఒక్కదానితోనే, కొంత బాగుపడ్డారు. మీ అమ్మగారికి పదహారు నెలలే.

ఇప్పుడు లోపల ఏం జరిగిందో చెబుతాను, మిగతా సలహా అంతా దీని మీదే నిలబడుతుంది. అమ్మ చేతిలో నరాలు బాగానే ఉన్నాయి, కండరాలూ బతికే ఉన్నాయి. దెబ్బ తిన్నది మెదడులో, ఆ చేతికి ఆజ్ఞ బయల్దేరే చోట. మీది ధవళేశ్వరం నీళ్లు పారే ఊరు కాబట్టి ఇలా చెప్పొచ్చు: పెద్ద కాలువకు గండి పడింది, చేను బాగానే ఉంది. పక్కనున్న చిన్న బోదెల్లోంచి కొంత నీరు ఇంకా వస్తోంది. ఆ బోదెల్ని రోజూ తవ్వి వెడల్పు చేసుకుంటూ పోతే చేనుకు నీరు పెరుగుతుంది, వదిలేస్తే పూడిపోతాయి. మెదడులో ఆ తవ్వకం జరిగేది, అమ్మ ఆ చేతిని కదపాలని తనే ప్రయత్నించిన ప్రతిసారీ. మీరు పట్టుకుని కదిపితే కీళ్లు బిగుసుకుపోకుండా ఉంటాయి, అది అవసరమే, కానీ దారి మాత్రం తెరుచుకోదు.

ఇక తమ్ముడి వీడియో. మెడకు రెండు పక్కలా మెదడు నుంచి కిందికి దిగే వేగస్ నరం ఉంటుంది. ఆపరేషన్ చేసి ఎడమవైపు నరానికి సన్నటి తీగ చుడతారు. పేస్‌మేకర్ లాంటి చిన్న మిషన్‌ను ఎడమ ఛాతీ మీద చర్మం కింద పెడతారు. పేషెంటు చెయ్యి చాపి వస్తువు అందుకునే క్షణంలో థెరపిస్టు బటన్ నొక్కుతారు. అర సెకను పాటు కరెంట్ వెళ్తుంది. ఆ సంకేతం మెదడుకు చేరి, నేర్చుకోవడానికి తోడ్పడే రసాయనాల్ని విడుదల చేయిస్తుంది. ఇప్పుడే జరిగిన కదలికను గట్టిగా గుర్తుపెట్టుకోమని మెదడుకు చెప్పినట్టవుతుంది. 2021 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది.

అనుమతికి ఆధారమైన పరీక్ష ఫలితాలు అదే ఏడాది లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అమెరికా, బ్రిటన్‌లలో 108 మంది. అందరికీ ఆపరేషన్ చేసి మిషన్ పెట్టారు. 53 మందికి కరెంట్ ఇచ్చారు, 55 మందికి పనికొచ్చే కరెంట్ ఇవ్వలేదు. ఎవరికి ఏది వస్తోందో పేషెంట్లకూ తెలియదు, థెరపిస్టులకూ తెలియదు. ఆరు వారాలు, వారానికి మూడు రోజులు అందరికీ ఒకే రకం గట్టి వ్యాయామం. చేతి కదలికను 66 మార్కులకు కొలిచే ఒక పద్ధతి ఉంది. ఆరు వారాలయ్యేసరికి కరెంట్ అందినవాళ్లు సగటున 5 మార్కులు పెరిగారు, అందనివాళ్లు 2.4 పెరిగారు. ఆ తర్వాత ఇంట్లో సాధన కొనసాగించి తొంభై రోజులకు చూస్తే, రోజువారీ పనిలో తేడా తెలిసేంత మెరుగు, అంటే 6 మార్కులు అంతకుమించి, మొదటి గుంపులో 47 శాతం మందిలో కనిపించింది. రెండో గుంపులో 24 శాతం మందిలో.

ఈ అంకెల్ని నెమ్మదిగా చదవండి, తమ్ముడితో కూడా చదివించండి. కరెంట్ వల్ల దాదాపు రెట్టింపు మందికి మేలు జరిగింది, అది చిన్న విషయం కాదు. అలాగే, మిషన్ పెట్టి కరెంట్ ఇచ్చినా సగం మందికి పైగా ఆ మెరుగు అందలేదు. బాగుపడిన వాళ్లకైనా చెయ్యి మునుపటిలా అయిపోలేదు. వీడియోలో చూపించేది బాగా ఫలించిన మనిషిని. అది సహజమే, కానీ తోట అమ్మేటప్పుడు ఆ ఒక్క మనిషినే చూసి అమ్మకూడదు. పైగా ఇది రక్తనాళం పూడుకుపోయి వచ్చిన పక్షవాతానికే పరీక్షించారు, మెదడులో రక్తం కారి వచ్చిన దానికి కాదు. చేతిలో కొంత కదలిక మిగిలి ఉన్నవాళ్లనే, బిగుతు మరీ ఎక్కువ లేనివాళ్లనే తీసుకున్నారు. ఆపరేషన్ అన్నాక గొంతు బొంగురుపోవడం, దగ్గు, గొంతు నొప్పి లాంటి ఇబ్బందులూ ఉంటాయి.

ఈ పరీక్షలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేవి రెండు. ఒకటి, ప్రతి సెషన్‌లోనూ చేత్తో 300కు పైగా సార్లు పని చేయించారు. మామూలు ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ సెషన్లను గమనించి 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, చేత్తో చేయించే పనులు సెషన్‌కు సగటున 32 సార్లే ఉన్నాయని తేలింది. మూడు వందలెక్కడ, ముప్ఫై రెండెక్కడ! మన దగ్గర గంటకు నలుగురిని చూడాల్సిన ఫిజియో గదుల్లో అది ఇంకెంత ఉంటుందో మీరే ఊహించుకోండి. రెండోది సమయం. కదలిక జరుగుతున్నప్పుడే కరెంట్ వెళ్లాలి. ఎలుకల మీద ముందుగా చేసిన ప్రయోగాల్లో, వ్యాయామం అయిపోయాక ఇచ్చిన కరెంట్ అంత పని చెయ్యలేదు. మూర్ఛ రోగులకు మన నగరాల్లోనూ ఇదే వేగస్ నరానికి మిషన్ పెడుతున్నారు. అది గడియారం ప్రకారం రోజంతా దానంతట అదే కరెంట్ ఇస్తూ ఉంటుంది. కాబట్టి ఎవరైనా ఆ మిషన్ చూపించి "ఇదీ అదేనండి" అంటే ఒప్పుకోకండి.

మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. రావులపాలెంలో పెట్టే కరెంట్ వేరు. అది మెదడుకు వెళ్లదు. ముంజేతి చర్మం మీద అతికించిన ప్యాడ్ల ద్వారా అక్కడి నరాన్ని తట్టి, ఆ నరం కదిపే కండరాన్ని ముడుచుకునేలా చేస్తుంది. నరం బాగుంది కాబట్టే అది పని చేస్తుంది. ఆపరేషన్ లేదు, ఖర్చు తక్కువ, ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. కానీ దీనికీ అదే సూత్రం. కరెంట్ వస్తున్నప్పుడు మనిషి కూడా ప్రయత్నిస్తూ, ఏదైనా పనిలో చేతిని వాడితేనే దాని విలువ.

మన ఫిజియో సెంటర్లలో తరచూ కనిపించే దృశ్యం ఇది. ప్యాడ్లు అతికించి, ఇరవై నిమిషాలకు టైమర్ పెట్టి, ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్లిపోతారు. పేషెంటు గోడ మీద టీవీ చూస్తుంటారు. వేళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. టైమర్ మోగుతుంది, డబ్బులిచ్చి ఇంటికి. పది సెకన్లు కరెంట్, పదిహేనో ఇరవయ్యో సెకన్లు విరామం అనుకుంటే, ఆ ఇరవై నిమిషాల్లో కనీసం నలభై సార్లు వేళ్లు తెరుచుకుంటాయి. టీవీ చూస్తూ కూర్చుంటే ఆ నలభైలో అమ్మ తెరిచింది ఒక్కటీ ఉండదు. ఇన్నాళ్లూ తిరిగినా ఫలితం లేకపోవడానికి ఇదే పెద్ద కారణం కావచ్చు.

ఈసారి వెళ్లినప్పుడు ఫిజియో గారిని మర్యాదగా ఇలా అడగండి: "కరెంట్ వచ్చినప్పుడల్లా అమ్మ చేత గ్లాసు పట్టించి వదిలిస్తామండి, ప్యాడ్లు వేళ్లు తెరుచుకునే చోట పెట్టండి, నేను పక్కన కూర్చుంటాను." చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. పక్కన మనిషి లేకనే అలా వదిలేస్తుంటారు. ప్యాడ్లు ముంజేయి వెనకవైపు ఉండాలి. ఒకటి మోచేతికి కాస్త కింద కండ పట్టు ఉన్న చోట, రెండోది మణికట్టు వైపు కొంత దూరంలో. కరెంట్ పెంచుతుంటే మణికట్టు పైకి లేచి, వేళ్లు నొప్పి లేకుండా విచ్చుకోవాలి. మణికట్టు లేచి వేళ్లు మాత్రం ముడుచుకునే ఉంటే ప్యాడ్‌ను కొద్దిగా అటూ ఇటూ జరపమనండి. సరైన చోటు దొరికాక పెన్నుతో చర్మం మీద గుర్తు పెట్టుకుని, ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఆ తర్వాత వరస ఇలా. అమ్మను వీపు ఆనేలా కుర్చీలో కూర్చోబెట్టండి, పాదాలు నేలకు ఆనాలి. ముందు బల్ల, బల్ల మీద ఖాళీ స్టీలు గ్లాసు. చిమచిమ మొదలవగానే అమ్మ గ్లాసు వంక చూసి "తెరు" అని పైకే అనాలి. అంటూ తన శక్తి కొద్దీ వేళ్లు తెరవడానికి ప్రయత్నించాలి. తెరుచుకున్న చేతిని గ్లాసు చుట్టూ చేర్చాలి. కరెంట్ ఆగుతుంది, గుప్పిట పడుతుంది, గ్లాసు చేతికి చిక్కుతుంది. జానెడు దూరం జరపాలి. మళ్లీ చిమచిమ, మళ్లీ "తెరు", గ్లాసు వదలాలి. మొదటి వారం ఇది విసుగ్గా, ఒక్కోసారి ఏడుపొచ్చేలా ఉంటుంది. గ్లాసు దొర్లి కింద పడుతుంది. పడనివ్వండి. స్టీలు గ్లాసు ఎందుకన్నానంటే అందుకే.

కొద్ది వారాలయ్యాక, పదిసార్లు కరెంట్‌తో చేశాక ఒక పదిసార్లు కరెంట్ లేకుండా చేయించండి. అర అంగుళం తెరుచుకున్నా లెక్కే. కరెంట్ లేకుండా వచ్చే ఆ అర అంగుళం కోసమే ఇదంతా.

ఇలా కరెంట్ ఇచ్చే చిన్న మిషన్లు, స్టిమ్యులేటర్లంటారు, కొన్ని వేల రూపాయల్లో దొరుకుతాయి. ఫిజియో గారు ప్యాడ్ల చోటు, కరెంట్ మోతాదు నేర్పించి, మీకు ధైర్యం వచ్చాక ఒకటి కొని ఇంట్లో పెట్టుకుంటే రావులపాలెం ఆటో ఖర్చు మిగులుతుంది. కొనేటప్పుడు కండరాన్ని కదిపేదే అడగండి, నొప్పికి వాడే టెన్స్ మిషన్ వేరు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, ఫిట్స్ వస్తున్నా డాక్టరును అడగకుండా పెట్టకూడదు. పుండ్లు, దద్దుర్లు ఉన్న చోట అతికించకూడదు. అమ్మకు ఆ చేతికి స్పర్శ సరిగా తెలుస్తోందో లేదో ముందు చూడండి. తెలియకపోతే చర్మం కాలినా ఆవిడ చెప్పలేదు, కాబట్టి ప్రతిసారీ ప్యాడ్ తీశాక చర్మం ఎర్రబడిందేమో మీరే చూడాలి.

లెక్క కోసం చింతపిక్కలు వాడండి. ఎడమవైపు గిన్నెలో వంద పిక్కలు పోసి, ఒకసారి చేస్తే ఒక పిక్క ఇటు గిన్నెలో వెయ్యడం. పొద్దున వంద, మధ్యాహ్నం భోజనానికి ముందు వంద, సాయంత్రం వంద. మొదట్లో ముప్ఫైకే చెయ్యి వణికి ఆగిపోతుంది, అప్పుడు ముప్ఫైతోనే ఆపి మర్నాడు నలభై చెయ్యండి. మూడు వందలకు చేరడానికి నెల పట్టినా పరవాలేదు. ఒక్క సంగతి గమనించండి. అమ్మ ఒళ్లు ముందుకు వంచి గ్లాసు అందుకుంటుంటే మోచెయ్యి పని చెయ్యడం లేదన్నమాట. వీపు కుర్చీకి ఆనే ఉండాలి, చెయ్యే చాపాలి.

ఇక కప్పీ. దయచేసి ఈ రోజే విప్పేయండి. భుజం కండరాలు బలహీనంగా ఉన్నప్పుడు ఎముక గూట్లోంచి కాస్త కిందికి జారి ఉంటుంది. మంచి చేత్తో తాడు లాగి ఆ చేతిని నెత్తి మీదికి ఎత్తితే లోపలి కండరాలు నలిగిపోతాయి. పక్షవాతం వచ్చిన భుజానికి నెత్తి మీది కప్పీ వద్దని అమెరికా స్ట్రోక్ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. రాత్రి నొప్పికి అదే కారణమై ఉండొచ్చు. లేపేటప్పుడు చంక కింద చెయ్యి వేసి లాగొద్దు, ఆ చెయ్యి పట్టుకుని గుంజొద్దు. కూర్చున్నప్పుడు మోచేతి కింద దిండు పెట్టండి. కప్పీ ఆపిన రెండు మూడు వారాలకు కూడా నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. నొప్పి ఉన్న భుజంతో ఎవరూ మూడు వందల సార్లు చెయ్యి చాపలేరు.

బంతి కూడా పక్కన పెట్టండి. పరామర్శకు వచ్చే ప్రతివాళ్లూ ఒక బంతి తెచ్చిస్తారు పాపం. కానీ మీ అమ్మగారికి మూయడం వచ్చు, తెరవడమే రాదు. వచ్చినదాన్నే రోజంతా చేయిస్తే రానిది రాదు. గుప్పిట బిగుతు మరీ ఎక్కువై, మీరు తెరిచినా వేళ్లు విప్పలేకపోతుంటే న్యూరాలజిస్టును కలవండి. బిగుతు తగ్గించడానికి బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తారు. అది బిగుతు తగ్గిస్తుంది, కొన్ని నెలలు ఉంటుంది. ఆ వ్యవధిలో సాధన గట్టిగా చేస్తేనే దాని ప్రయోజనం. కాకినాడ ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో గానీ, మీకు దగ్గరైన పెద్దాసుపత్రిలో గానీ అడగండి.

చేతికి ఓపిక అయిపోయినప్పుడు చేసుకోవడానికి అద్దం పద్ధతి ఒకటి ఉంది. రెండు చేతుల మధ్య అద్దం నిలబెట్టి, కుడి చెయ్యి అద్దం వెనక ఉంచి, అద్దంలో ఎడమ చెయ్యి ప్రతిబింబం చూస్తూ రెండు చేతులతోనూ వేళ్లు తెరవడానికి ప్రయత్నించడం. చెయ్యి తీసేసినవాళ్ల నొప్పి కోసం 1990లలో వి.ఎస్. రామచంద్రన్ కనిపెట్టిన పద్ధతి ఇది. తర్వాత పక్షవాతానికీ వాడారు. రోజుకు ఇరవై నిమిషాలు చాలు, అద్దం తప్ప ఖర్చు లేదు.

ఇప్పుడు నాకు మీ ఉత్తరంలో ఎక్కువ ఆశ కలిగించిన విషయం చెబుతాను. అమ్మ పూతరేకులు తీసిన మనిషి. ఆ పనిలో ఎంత చేతి నేర్పు ఉందో ఆలోచించండి. పల్చటి బియ్యం పిండిలో గుడ్డ ముంచి, రెండు చేతులతో రెండు అంచులూ పట్టి, కాలుతున్న కుండ మీద ఒక్క లాగు లాగడం. అంటీ అంటకుండా రేకు ఊడదీయడం. తడిగుడ్డతో మెత్తబరచి, నెయ్యి రాసి, పంచదార చల్లి, చిరగకుండా మడత పెట్టడం. ఏళ్ల తరబడి రోజుకు వందల సార్లు చేసిన పని. మెదడు మర్చిపోయే రకం కాదు అది. తనకు అర్థం ఉన్న పని చేస్తే మెదడు త్వరగా నేర్చుకుంటుందని ఈ రంగంలో అందరూ ఒప్పుకునే మాట. అందుకే గ్లాసు పట్టడం కాస్త కుదిరాక సాధనను ఆ పని వైపు తిప్పండి.

పొయ్యి దగ్గరికి మాత్రం వద్దు. స్పర్శ తగ్గిన చేతికి కుండ వేడి తెలియదు, గట్టిగా కాలిపోవచ్చు. మడతతో మొదలుపెట్టండి. తడిపి పిండిన చేతి రుమాలును బల్ల మీద పరిచి, ఎడమ చెయ్యి ఒక అంచు, కుడి చెయ్యి ఒక అంచు. కుడి చెయ్యి వేళ్లతో పట్టలేకపోతే అరచేతి అంచుతో నొక్కి పట్టినా చాలు, తర్వాత వేళ్లు వస్తాయి. రుమాలు కుదిరాక న్యూస్‌పేపర్. పేపర్ కుదిరాక, ఇంట్లో చిరిగి పక్కన పెట్టే రేకులు ఉంటాయిగా, అవి. చిరిగితే చిరుగుతాయి. నిజం రేకు చేతిలోకి వచ్చిన రోజు ఆవిడ కూర్చునే తీరే మారుతుంది. చక్కెర పొడి చెంచాతో చల్లడం, నెయ్యి రాయడం కూడా మంచి వ్యాయామాలే. అమ్మతో పాటు రేకులు తీసిన ఆడవాళ్లు వచ్చి పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ చేయిస్తే, చింతపిక్కల లెక్క తెలియకుండానే గడిచిపోతుంది.

వేళ్లు, మణికట్టు తనంతట తానే కొంచెం తెరవగలిగే స్థితి వచ్చాక ఇంకో పద్ధతి ఉంది. రోజులో కొన్ని గంటలు మంచి చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే పనులు చేయించడం. 2006లో వచ్చిన పెద్ద పరీక్షలో దీనికి మంచి ఫలితం కనిపించింది. కానీ ఇప్పుడే వద్దు. తెరవలేని చేతితో అన్నం తినమంటే ఆవిడకు మిగిలేది అవమానమే.

నాన్నగారి విషయం. ఆయన మీద కోపం వద్దు, భార్య చెయ్యి పడిపోతే ఏ మనిషైనా తెలిసిన దారులన్నీ వెతుకుతాడు. నూనె మర్దన చేయిస్తానంటే చేయించనివ్వండి, భుజం లాగకుండా సున్నితంగా చేస్తే చాలు. కానీ బీపీ మాత్రలు, రక్తం పల్చబడే మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్ర, షుగర్ ఉంటే షుగర్ మాత్రలు, ఒక్క పూట కూడా ఆపకూడదు. ఒకసారి రక్తనాళం పూడుకుపోయినవాళ్లకు రెండోసారి వచ్చే ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ. రెండోసారి వస్తే ఇప్పటిదాకా కష్టపడి తెచ్చుకున్న కాలు కూడా పోవచ్చు, మాట పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆయనకు ఇది కూతురిగా మీరు చెబితే వినకపోవచ్చు, బీపీ చూసే డాక్టరు చేత చెప్పించండి. అమ్మ మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక పక్క ఉన్నట్టుండి బలహీనపడినా వెంటనే 108. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, అదీ స్కానింగ్ అయ్యాక ఇవ్వాలి. పల్లె నుంచి స్కానింగ్ ఉన్న ఊరికి చేరే సమయం అందులోంచే పోతుంది.

అమ్మ మనసు ఎలా ఉందో మీరు రాయలేదు. నిద్ర లేదన్నారు. ఊరికే ఏడుస్తున్నా, ఎవరితో మాట్లాడకపోయినా, "నా వల్ల మీకు భారం" అంటున్నా డాక్టరుకు చెప్పండి. పక్షవాతం తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది, మందులతో తగ్గుతుంది. అది తగ్గకుండా ఏ సాధనా సాగదు.

చివరిగా తమ్ముడికి. అక్కకు డబ్బు పంపగలిగితే, వారానికి రెండు రోజులు ఇంటికి వచ్చే ఫిజియోకు, ఒక స్టిమ్యులేటర్‌కు పంపమనండి. తోట విలువలో అది చిన్న మొత్తం. ఆన్‌లైన్‌లో చెవికి తగిలించుకునే మిషన్లు కూడా వేగస్ నరానికే అంటూ అమ్ముతున్నారు. చెవి ద్వారా కరెంట్ ఇచ్చే పద్ధతి మీద ఇంకా పరీక్షలు జరుగుతున్నాయి, తొందరపడి కొనొద్దని చెప్పండి. ఎవరైనా మెడ ఆపరేషన్ చేస్తామని ముందుకొస్తే మీ తమ్ముడు వాళ్లను నాలుగు విషయాలు అడగాలి. ఈ మిషన్ పక్షవాతం చేతికి అనుమతి ఉన్నదేనా, మూర్ఛదా? ఆపరేషన్ తర్వాత ఆరు వారాల పాటు వారానికి మూడు రోజులు సెషన్‌కు 300 సార్లు ఎవరు చేయిస్తారు? కదలిక జరిగే క్షణంలో బటన్ నొక్కడానికి శిక్షణ ఉన్న థెరపిస్టు ఉన్నారా? బ్యాటరీ అయిపోతే, తీగ చెడితే ఎవరు చూస్తారు, ఖర్చెంత? రెండో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే అక్కడే లేచి వచ్చెయ్యమనండి.

ఈ రోజే ఫోన్‌తో ఒక చిన్న వీడియో తియ్యండి. అదే కుర్చీ, అదే బల్ల, అదే గ్లాసు, కరెంట్ లేకుండా అమ్మ ఎంతవరకు తెరవగలదో, ఎంత దూరం చాపగలదో. నెలకోసారి అదే చోట అదే వీడియో. రోజూ చూసే కళ్లకు మార్పు కనిపించదు, వీడియోలో కనిపిస్తుంది. మూడు నెలలు ఇలా చేశాక, ఆ వీడియోలు పట్టుకుని న్యూరాలజిస్టును కలవండి. మెడ మిషన్ గురించి అడగాల్సి వచ్చినా అప్పుడు అడగండి. అప్పటికి అమ్మ చెయ్యి ఎక్కడిదాకా వచ్చిందో ఆయన కళ్లారా చూసి చెప్పగలుగుతారు. నాకూ రాయండి, వేళ్లు ఎంతవరకు తెరుచుకుంటున్నాయో, భుజం నొప్పి ఎలా ఉందో.